నేల మీద పడ్డ ఆరు

పోర్ట్ పిరీ
మార్చి 9

కొరాడోకి,

నీ ఉత్తరమూ, దాంతో పాటు జైలు వాళ్ళ కాగితమూ అందాయి. విడుదలయ్యాక నువ్వు ఉండబోయే ఇల్లు మన ఇల్లేనని నేను సంతకం పెడితే డిసెంబరులో నిన్ను ముందుగా వదులుతారట, లేకపోతే ఇంకో ఏడాదిన్నర అక్కడేనట. చదివాను. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. సంతకం పెడతాననీ అనడం లేదు, పెట్టననీ అనడం లేదు. నాన్న పడవ దొంగలపాలై మూడేళ్ళవుతున్నా ఆ షెడ్డు తలుపు తీస్తే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. కొత్త తాళం చెవి మెడలోనే వేసుకు తిరుగుతున్నాను. నా బస్సెక్కే స్కూలు పిల్లలు అది ఈల అనుకుంటారు.

ఇప్పుడు రాస్తున్నది వేరే పని మీద. నవ్వావంటే చూడు. శనివారాలు బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు వెనక గదిలో మేం బొమ్మల యుద్ధాలు ఆడతాం కదా. ఈ ఏడాది పోటీకి తలా ఒక నేరగాళ్ళ ముఠా తయారుచేసుకు రావాలని క్లారీ తీర్మానించాడు. క్లారీ గుర్తున్నాడా, సీసం కరిగించే స్మెల్టరులో నలభై ఏళ్ళు చేసి రిటైరైన ముసలాయన, క్లబ్బుకి ఆయన మాటే చట్టం. పాడుబడ్డ రేవు ఊరు, ఒక్కొక్కరికి పది మంది ముఠా, నవంబరు దాకా ఆట. నేను నెల రోజులు కూర్చుని పది మందిని చేశాను. బొటనవేలంత మనుషులు. అందరికీ నల్ల కోట్లు, బుగ్గల మీద కత్తిగాట్లు, చేతుల్లో తుపాకులు. చూస్తే జడుసుకోవాలి అనుకున్నాను. క్లారీ కళ్ళజోడు పైకి తోసుకుని, "నున్జియా, వీళ్ళు దోపిడీకి బయల్దేరారా, చర్చిలో పాట పాడ్డానికా?" అన్నాడు. గది గదంతా ఘొల్లుమంది.

నాకు తెలిసినవాళ్ళలో నిజం ముఠాతో తిరిగినవాడివి నువ్వొక్కడివే. వాళ్ళు ఎలా ఉంటారో, ఎలా నిలబడతారో రాయి. నీ చదువు ఇన్నాళ్ళకి ఇలాగైనా అక్కరకు రానీ.

నున్జియా


వరింగా జైలు
మార్చి 24

అక్కా,

నీ చేతిరాత చూసి ఏడాది దాటింది. తిట్టిన చోట కూడా రెండుసార్లు చదువుకున్నాను.

నీ ఉత్తరం నాకిచ్చే ముందు చదివే ఆఫీసరు 'పది మంది ముఠా' అన్న దగ్గర ఎర్ర గీత గీసి నన్ను పిలిపించాడు. అవి బొమ్మలు బాబూ అని నమ్మించేసరికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఆయనే, మళ్ళీ ఉత్తరం వచ్చిందా, ముసలాయన ఏమన్నాడు అని అడుగుతున్నాడు.

క్లారీ అన్నదాంట్లో తప్పేం లేదు. గాటున్నవాణ్ణి ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు, అలాంటివాణ్ణి ముఠాలో ఎవడు పెట్టుకుంటాడు? కోట్లు కూడా తీసెయ్యి. కోటు వేసుకుని పడవని ట్రెయిలర్ మీదికి లాగి చూస్తే తెలుస్తుంది.

మా పెద్దకి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు ఉండేవి. మోకాళ్ళ నొప్పులతో గడప దాటేవాడు కాదు. చేతిలో తుపాకి వద్దు, టీ కప్పు పెట్టు. మనం వెళ్ళగానే కూర్చోబెట్టి టీ ఇచ్చి, మీ అక్క బాగుందా, ఇంకా ఆ ఏడో నంబరు బస్సే నడుపుతోందా అని అడిగేవాడు. అంతే, ఇంకేమీ అనేవాడు కాదు. నేను ఆ టీ అక్కడే వదిలేసి, చెప్పిన పనికి వెళ్ళేవాణ్ణి.

కాపలావాడికి మడత కుర్చీ, థర్మాస్. వాడికి ఎప్పుడూ జలుబే. బరువులెత్తేవాడు గోడలా ఉంటాడు కానీ కుక్కలంటే చచ్చేంత భయం, అందుకని జేబులో సాసేజ్ ముక్కలు పెట్టుకు తిరిగేవాడు, వాటి వాసనకి ఊళ్ళో కుక్కలన్నీ వాడి వెంటే. ఇంకో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ కలిపి ఒకటే జత చేతితొడుగులు, చెరొకటీ వేసుకునేవాళ్ళు. మిగతా నలుగురికీ కొత్తగా ఏమీ చెయ్యకు. జేబుల్లో చేతులు పెట్టించి, ఎటో చూస్తున్నట్టు నిలబెట్టు. నిజంగా భయపడేవాళ్ళు అలాగే నిలబడతారు.

తొమ్మిది మంది అయ్యారు. పదోవాడు లారీ నడిపేవాడు. వాడి సంగతి తర్వాత రాస్తాను.

నీ తమ్ముడు


పోర్ట్ పిరీ
ఏప్రిల్ 19

ఒరేయ్ కొరాడో,

పాత బొమ్మలన్నీ డెటాల్‌లో నానబెట్టి, పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్ది రంగు వదలగొట్టాను. ఇల్లంతా ఆసుపత్రి వాసన. పుట్టీతో చెప్పులు చెయ్యడానికే రెండు రోజులు పట్టింది. టీ కప్పు సూది మొనంత, నాలుగుసార్లు కింద పడేసుకున్నాను, ఒకసారి నా కాలి కిందే చితికింది. సాసేజ్‌వాడి వెనక ఒక కుక్కపిల్లని కూడా పెట్టాను. అది నీ ఉత్తరంలో లేదు, నా సొంత తెలివి.

శనివారం బల్ల మీద పెట్టేసరికి ఎవరూ నవ్వలేదు. మందుల షాపు డర్లీన్ చాలాసేపు చెప్పులాయన్నే చూసి, ఈయనంటే నాకు భయంగా ఉంది అంది. ఆవిడది దొంగ సరుకు దించే ముఠా, ఈ ఏడాది గెలుపు ఆవిడదేనని అందరూ అనుకుంటున్నారు. ఇంకాసేపు అలాగే అనుకోనీ.

ఇప్పుడొక చిక్కొచ్చింది. ఈ మనుషులు నీ బుర్రలోంచి వచ్చారు కాబట్టి ముఠా నీదే అన్నాడు క్లారీ. బల్ల మీద నడిపించేది నేను, కానీ సొంతదారువి నువ్వు. మా దగ్గర ఒక పద్ధతుంది. ఆటలో పడిపోయిన మనిషి బతికాడా చచ్చాడా అన్నది ఆట అయ్యాక పాచిక వేసి తేలుస్తాం. ఒకటి పడితే చచ్చినట్టే, ఇక ఎప్పటికీ లేడు. రెండూ మూడూ అయితే గాయం, వచ్చే ఆటకి రాడు. నాలుగు నుంచి ఆరు దాకా లేచి కూర్చుంటాడు. ఆ పాచిక మాత్రం ఆ మనిషి సొంతదారే వెయ్యాలి. ఒకరి మనిషి ప్రాణం మీద ఇంకొకరు పాచిక వెయ్యరు. క్లబ్బు పెట్టిన నాటి నుంచీ ఇది ఎవరూ తప్పలేదు. ఇంకొకటి, పాచిక బల్ల మీంచి నేల మీద పడితే ఎంత పడినా చెల్లదు, మళ్ళీ వెయ్యాల్సిందే.

మొదటి ఆట గెలిచాం. కాపలావాడూ, అన్నదమ్ముల్లో పెద్దవాడూ పడిపోయారు. వేసి రాయి. పదోవాడి సంగతి కూడా రాయి, తొమ్మిది మందితో ఎంతకాలం ఈదమంటావు?

నున్జియా


వరింగా జైలు
మే 3

అక్కా,

కాపలావాడికి ఆరు. పెద్దవాడికీ ఆరు. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు.

ఆ కుక్కపిల్ల సంగతి ఆఫీసరుకి చెప్పాను. పేరేమిటని అడిగాడు.

ఫ్రిజ్ మీద కాగితం గురించి అడగకూడదనే అనుకున్నాను. అడగడం లేదు. అక్కడే ఉందా?

నీ తమ్ముడు


పోర్ట్ పిరీ
జూన్ 6

కొరాడోకి,

కాగితం అక్కడే ఉంది, మధ్యలో ఆట సంగతులు రాసిన చీటీల్లో చెప్పలేదంతే. కుక్కపిల్లకి పేరు లేదు.

రెండో ఆటలో సాసేజ్‌వాడు పడ్డాడు, నువ్వు ఆరు అని రాశావు. మూడో ఆటలో అన్నదమ్ముల్లో చిన్నవాడు పడ్డాడు, మళ్ళీ ఆరు. నాలుగుకి నాలుగూ ఆరులే. నీ ఉత్తరం క్లబ్బులో చదివితే క్లారీ కనుబొమలు లేపాడు. డర్లీన్ పెదవి కొరుక్కుంటూ తన మనుషుల్ని డబ్బాలో సర్దుకుంది. ఆవిడ తన ముద్దుల సరంగుకి తన చేత్తో ఒకటి వేసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, బిస్కెట్ల డబ్బాలో పెట్టిన మనిషి. చచ్చిన బొమ్మలన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి.

వాళ్ళ ముందు నాకు తలకొట్టేసినట్టయింది. నీ వల్ల ఈ ఊళ్ళో ఒకసారి తల వంచుకుని నడిచాను, మళ్ళీ నా వల్ల కాదు. నువ్వు పాచిక ఎక్కడ వేస్తున్నావు, ఎలా వేస్తున్నావు, అది రాయి.

నున్జియా


వరింగా జైలు
జూన్ 17

అక్కా,

నా దగ్గర పాచికే లేదు. జూదం ఆడతారని ఇక్కడ ఉండనివ్వరు. ఆ ఆరులన్నీ నేను మనసులో వేసుకున్నవి. వాళ్ళెవరూ చావడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంత చిన్న అబద్ధానికి ఏమవుతుందిలే అనుకున్నాను. నా బతుకులో పెద్ద అబద్ధాలన్నీ ఇదే మాటతో మొదలయ్యాయి, అది తెలిసి కూడా.

నీ ఉత్తరం తీసుకెళ్ళి వడ్రంగం షెడ్డు మాస్టారు టెవిటాకి చూపించాను. టోంగా దీవుల మనిషి, మాట తక్కువ. అంతా చదివి, జార్రా అని ఇక్కడ దొరికే గట్టి ఎర్ర చెక్క, దాని ముక్క ఒకటి నా ముందు పడేశాడు. మూడు రోజులు గీకి పాచిక చేశాను. పని అయ్యాక దాన్ని ఆ షెడ్డులోనే ఉంచాలి, ఉత్తరం వచ్చిన రోజు మాత్రం గదికి తీసుకెళ్ళచ్చు. మూడు వందల సార్లు వేసి గీతలు గీసి చూశాను. నా చేతివాటం వల్ల రెండు కాస్త ఎక్కువ పడుతోంది. అది కూడా క్లారీకి చెప్పు.

నలుగురికీ మళ్ళీ వేశాను. పెద్దవాడికి అయిదు, చిన్నవాడికి రెండు, సాసేజ్‌వాడికి నాలుగు. కాపలావాడికి ఒకటి. వాణ్ణి డబ్బాలో పెట్టెయ్యి. థర్మాస్ కూడా.

సరే, పదోవాడు. ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. లారీ నడిపేవాడు. సన్నగా, భుజాలు ముందుకి వంచి ఉంటాడు. చేతిలో గునపం పెట్టకు, వాడికి గునపంతో పని పడలేదు. తాళం చెవి పెట్టు.

కొరాడో


పోర్ట్ పిరీ
జూన్ 28

ఏ తాళం చెవి?


వరింగా జైలు
జూలై 9

అక్కా,

వంటింటి తలుపు పక్కన మేకుకి ఉండే తాళం చెవి. నాన్న తగిలించింది.

వాళ్ళు షెడ్డు తాళం పగలగొట్టారనీ, నన్ను లారీలోంచి కదలనివ్వలేదనీ నీకు చెప్పాను, పోలీసులకీ చెప్పాను, కోర్టులోనూ చెప్పాను. అది నిజం కాదు. మేకు మీంచి చెవి తీసుకెళ్ళి తాళం తీసింది నేనే. పడవ ట్రెయిలర్ బయటికి వచ్చాక ఆ తాళాన్ని రాయి మీద పెట్టి సుత్తితో కొట్టి పగలగొట్టాను. చెవి తెచ్చి మళ్ళీ మేకుకే తగిలించాను. పొద్దున నువ్వు షెడ్డు దగ్గర కూలబడితే నీ పక్కన కూర్చుని నీ చెయ్యి పట్టుకున్నాను. కాఫీ కూడా పెట్టిచ్చాను.

చెప్పులాయన నీ బస్సు గురించి అడిగాడన్నది మాత్రం నిజం. కానీ దాన్ని అడ్డం పెట్టుకోను. అప్పుడు భయం ఉంది, దాంతో పాటు వాళ్ళ దగ్గర నేనూ ఒక మొనగాణ్ణని అనిపించుకోవాలని కూడా ఉంది. నువ్వు రెండేళ్ళు ఆ పడవకి రంగులు వేశావు, చెక్కలు మార్చావు, సెప్టెంబరులో పడవల పండక్కి సముద్రంలోకి దించుదామన్నావు. అన్నీ తెలిసే తీశాను.

ఇది ఎవరూ అడగలేదు, కాబట్టి చెప్పకపోయినా గడిచిపోయేది. ఆ బొమ్మకి గునపం పెట్టమని రాయబోయాను. రాయలేకపోయాను.

కొరాడో


పోర్ట్ పిరీ
సెప్టెంబరు 21

కొరాడోకి,

రెండు నెలలు నీకు రాయలేదు. రాయాలని లేదు. ఇప్పుడు కూడా క్లబ్బు పద్ధతి కోసం రాస్తున్నాను, అంతే.

పోయిన వారం పడవల పండగైంది. ఫాదర్ ఒక్కొక్క పడవ మీదా నీళ్ళు చల్లుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. పక్కన ఎవరో, మీ నాన్న పడవ ఉండుంటే ఎంత బావుండేది అన్నారు. ఇంటికొచ్చి ఆ కాగితం అయస్కాంతం కిందనుంచి తీసి చెత్తబుట్ట మీద పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ పెట్టేశాను. ఎందుకని అడక్కు, నాకే తెలియదు.

ముఠాలో మనుషులు తగ్గితే పోటీ నుంచి తప్పిస్తామని క్లారీ అన్నాడు కనక లారీవాణ్ణి చేశాను. భుజాలు వంచాను. తాళం చెవి కూడా పెట్టాను. దానికి వేసిన రంగు మూడుసార్లు తుడిచి మళ్ళీ వేశాను.

శనివారం వాడు వంతెన మీద డర్లీన్ మనుషులకి చిక్కి పడిపోయాడు. మనం అందరికంటే ముందున్నాం. వాడు బతికితే లారీ నడుస్తుంది, నవంబరులో కప్పు మనదే. చస్తే లారీ ఆగిపోయింది, మనం ఉన్నా లేనట్టే. వాడి మీద పాచిక నేను వెయ్యకూడదు. వెయ్యాలని ఎంత ఉన్నా వెయ్యకూడదు.

నువ్వే వెయ్యి.

నున్జియా


వరింగా జైలు
అక్టోబరు 2

అక్కా,

నిన్న నీ ఉత్తరం వచ్చింది. పాచిక గదికి తెచ్చుకున్నాను. అందరూ భోజనానికి వెళ్ళారు, నేను ఆకలి లేదని ఉండిపోయాను. బల్లలాంటిదేదీ లేదు కాబట్టి స్టూలు మీద వేస్తాను ఎప్పుడూ.

వేశాను. స్టూలు అంచుకి తగిలి కింద పడి మంచం కిందికి దొర్లింది. బోర్లా పడుకుని చెయ్యి పెట్టి చూస్తే ఆరు. ఈ పాచికతో మనవాళ్ళెవరికీ అంతవరకు ఆరు పడలేదు. దాన్ని కదపకుండా కాసేపు చూస్తూ ఉండిపోయాను.

నేల మీద పడ్డది చెల్లదు కదా. తీసి స్టూలు మీద మళ్ళీ వేశాను. ఒకటి.

లారీవాడు చచ్చిపోయాడు. కప్పు పోయినందుకు నన్ను క్షమించు. నువ్వు ఇంత కష్టపడి చేసిన ముఠా అది. క్లారీకీ డర్లీన్‌కీ నా తరఫున చెప్పు.

కాగితం గురించి. నీకు మనసు లేకపోతే పారెయ్యి అక్కా. ఇక్కడివాళ్ళకి చెప్పేశాను, ఏడాదిన్నర ఉండమంటే ఉంటానని. టెవిటా మాస్టారు కుర్చీలు చెయ్యడం నేర్పుతానన్నాడు. పారేసినా అప్పుడప్పుడు ఉత్తరం మాత్రం రాయి. ఆట కబుర్లే రాయి, చాలు.

కొరాడో


పోర్ట్ పిరీ
అక్టోబరు 19

ఒరేయ్ కొరాడో,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నమ్మలేదు. ఆ ఆరు కథంతా నన్ను మెత్తబరచడానికి అల్లావనుకున్నాను. బస్సు నడుపుతూ అదే ఆలోచన, ఒక స్టాపులో ఆపడమే మర్చిపోయాను, పిల్లలు గోల గోల చేశారు. ఈ అనుమానపు బుద్ధి నాకు పుట్టుకతో లేదు, నువ్వు అంటించిందే.

శనివారం క్లబ్బులో చదివాను. తాళం చెవి సంగతి ఎవరికీ చెప్పలేదులే, అది మనిద్దరిది. పాచిక సంగతి చదివాను. కప్పు ఇక తనదేనని తేలిపోయినా డర్లీన్ మొహంలో ఆ సంతోషమే లేదు. "ఎవరూ చూడలేదు కదా. ఆరు అని రాసేస్తే సరిపోయేది. అసలు మంచం కింద పడ్డ సంగతి మనకెందుకు చెప్పడం?" అంది.

క్లారీ తన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నేల మీద పడింది కాబట్టి," అన్నాడు. బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు మూత తీసి పట్టుకున్నాడు.

లారీవాణ్ణి నేనే అందులో పెట్టాను. పెడుతుంటే ఏడుపొచ్చింది. నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవనిదాన్ని, బొటనవేలంత బొమ్మకి ఏడిచాను. డర్లీన్ రుమాలు ఇచ్చింది. దాని నిండా మందుల వాసన.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. తాళం చెవి సంగతి నీ అంతట నువ్వే చెప్పావు. ఆ ఆరు సంగతీ నీ అంతట నువ్వే చెప్పావు. రెండుసార్లూ నిజం వల్ల నీకు నష్టమే. నన్ను మెత్తబరచాలనుకున్నవాడు ఇంత నష్టపోడు. నాకు నీ మీద కోపం పోలేదు, అది పోవడానికి ఇంకా చాలా కాలం పడుతుంది, ఎదురుగా కూర్చోబెట్టి తిట్టాల్సినవి బోలెడున్నాయి. వాటిని ఉత్తరాల్లో రాస్తే మీ ఆఫీసరు చదువుతాడు. అవి ఆయనకి అక్కర్లేదు. కుక్కపిల్లకి మాత్రం ఆయన్నే ఒక పేరు పెట్టమను.

కాగితం మీద సంతకం చేసి సోమవారం పోస్టు చేశాను. ఈ ఉత్తరం కంటే అదే ముందు చేరుతుంది. వచ్చే ఏడాది పోటీకి కొత్త ముఠా చెయ్యాలి, జార్రా చెక్క ముక్కలేమైనా ఇస్తారేమో మీ మాస్టార్ని అడిగి తెచ్చుకో.

షెడ్డు ఖాళీగానే ఉంది. దాని తాళం చెవి మెడలోంచి తీసేశాను, నీ ఈల ఏదని పిల్లలు అప్పుడే అడిగారు. వంటింట్లో మేకుకి తగిలించాను. ఏ మేకో నీకు చెప్పక్కర్లేదు.

నున్జియక్క